దానంతటదే మూసుకునే తలుపు: ఒక విశేషణం అర్థం, వాడుక
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాడుక నేపథ్యంలో ఒక పరిశీలన)

సూర్యాపేట బట్టల దుకాణంలోనో, కోదాడ ఆస్పత్రిలోనో, మిర్యాలగూడ ఏటీఎం గదిలోనో ఎవరూ వేయకుండానే మూసుకునే తలుపు ఇప్పుడు వింత కాదు. దాన్ని ఏమనాలి అన్న దగ్గర మాత్రం తెలుగు ఒక్క మాట మీద నిలవడం లేదు. మాటల్లో ఎక్కువగా వినిపించేది ‘ఆటోమేటిక్ డోర్’. రాతలో ‘స్వయంచాలక తలుపు’ కనిపిస్తుంది. హార్డ్‌వేర్ దుకాణంలో అది ‘క్లోజరు పెట్టిన తలుపు’, పాత ఇళ్లలో ‘స్ప్రింగు తలుపు’. ఇంట్లో పిల్లలను హెచ్చరించేటప్పుడు ‘అది దానంతటదే పడుద్ది, వేళ్లు పెట్టకు’ అంటాం.

ఇవన్నీ ఒకే వస్తువుకు ఉన్న పేర్లయితే ఇంత చర్చ అక్కర్లేదు. పర్యాయపదాలు ఏ భాషకైనా సంపదే. అయితే భవన నిర్మాణ నియమాలు, అగ్నిరక్షణ ప్రమాణాలు ఈ తలుపులను ఒకటిగా చూడవు. చేయి వదలగానే మూసుకునే తలుపు వేరు, పొగ వచ్చినప్పుడు మాత్రమే మూసుకునే తలుపు వేరు, కరెంటుతో తెరుచుకుని కరెంటుతోనే మూసుకునే తలుపు వేరు. ఈ మూడింటినీ తెలుగులో ఏ విశేషణంతో వేరు చేయగలం? ఇప్పుడు వాడుతున్న మాటలు ఆ పని ఎంతవరకు చేస్తున్నాయి? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే.

ఆధారాలు, వాటి హద్దులు

ఇక్కడ మూడు రకాల ఆధారాలు వాడాను. మొదటిది వ్యాకరణం, నిఘంటువులు. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు, భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) వీటిలో ముఖ్యమైనవి. రెండోది సాంకేతిక ప్రమాణాలు: భారత ప్రమాణాల సంస్థ వెలువరించిన జాతీయ భవన నిర్మాణ స్మృతి, తలుపు సామగ్రికి ఆ సంస్థే ఇచ్చిన ప్రమాణాలు, అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం రూపొందించిన 80వ ప్రమాణం. మూడోది నిత్యవ్యవహారంలోని వాక్యాలు. వీటిని లెక్కల కోసం వాడలేదు. ఒక వాక్యం తెలుగు చెవికి సరిగ్గా వినిపిస్తుందా, రెండు అర్థాలు ఇస్తుందా అని చూడటానికే వాడాను. పాఠకులు వాటిని స్వయంగా పలికి సరిచూసుకోవచ్చు.

ఈ మూడు పట్టణాలను ఎంచుకోవడానికి కారణం ఉంది. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. కోదాడ దాటి కాసేపు వెళ్తే జగ్గయ్యపేట ప్రాంతం, అంటే ఒకప్పటి మద్రాసు రాష్ట్రపు సరిహద్దు. కోదాడకు ఇటువైపు నేల 1948 సెప్టెంబర్ దాకా నిజాం ఏలుబడిలో ఉంది. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో, రైస్ మిల్లుల మధ్య పెరిగిన పట్టణం. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక మొదటి రెండు పట్టణాలు అందులోకి వెళ్లాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. ఉర్దూ నుంచి వచ్చిన ‘దర్వాజ’, తెలుగు ‘తలుపు’, ఇంగ్లిష్ ‘డోర్’ ఒకే ఇంట్లో మూడు తరాల నోట వినిపించే చోటు ఇది. గుమ్మం కింది చెక్కను కొందరు ‘కడప’ అంటే కొందరు ‘గడప’ అంటారు. కాబట్టి ఒక కొత్త వస్తువుకు పేరు ఎలా కుదురుకుంటుందో చూడటానికి ఈ ప్రాంతం అనువైనదే. అయితే ఇక్కడ చెప్పే వ్యాకరణ విషయాలు ఈ మూడు ఊళ్లకే పరిమితం కావు, తెలుగు మొత్తానికీ వర్తిస్తాయి.

మూడు రకాల తలుపులు

ముందుగా వస్తువును చూద్దాం. అమెరికా 80వ ప్రమాణం అగ్నిరక్షణ తలుపులను మూసుకునే తీరును బట్టి విభజిస్తుంది. మొదటి రకం, తెరిచి వదిలిన ప్రతిసారీ తిరిగి మూసుకునేది. మామూలు వేళల్లో దాని స్థితి మూసి ఉండటమే. రెండో రకం, మామూలు వేళల్లో తెరిచే ఉండి, పొగ లేదా వేడి జాడ తగిలినప్పుడు మూసుకునేది. రోగుల మంచాలు తిరిగే ఆస్పత్రి నడవాల్లో ఇది పనికొస్తుంది. తలుపును ఒక విద్యుదయస్కాంతం గోడకు పట్టి ఉంచుతుంది. సంకేతం రాగానే, లేదా కరెంటు పోగానే అయస్కాంతం పట్టు వదులుతుంది, తలుపు మూసుకుంటుంది. మూడో రకం కరెంటు మోటారుతో నడిచేది. మనిషి రాకను గుర్తించి పక్కకు జరిగే అద్దం తలుపులు ఈ రకానివే.

మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లో తొలిసారి వచ్చింది. తర్వాత 1983, 2005, 2016ల్లో దాన్ని సవరించారు. అందులో నాలుగో భాగం అగ్నిభద్రతకు సంబంధించినది. 2005 నాటి పాఠంలో ఒక విశేషం ఉంది. ప్రధాన మెట్ల దారిలోకి తెరుచుకునే తలుపును వర్ణించడానికి ‘ఆటోమేటిక్’గా మూసుకునేదన్న విశేషణం వాడారు. లిఫ్టు ముందరి ఆవరణ నుంచి బయటికి వచ్చే పొగ నిరోధక తలుపుకు ‘తనకు తాను’ మూసుకునేదన్న విశేషణం వాడారు. రెండు చోట్లా ప్రయోజనం దాదాపు ఒకటే: మంటో పొగో మెట్లదారిలోకి రాకుండా ఆపడం. కాబట్టి ఆ స్మృతి ఈ రెండు మాటలనూ అమెరికా ప్రమాణమంత కచ్చితంగా వేరు చేసి వాడిందని చెప్పడం కష్టం. పదాల కలగాపులగం తెలుగుకు మాత్రమే ఉన్న జబ్బు కాదని దీన్ని బట్టి తెలుస్తోంది. మూల పత్రంలోనే పరిభాష వదులుగా ఉంటే, దాన్ని తెలుగులోకి తెచ్చేవారి చేతిలో అది మరింత వదులు కావచ్చు.

తలుపు సామగ్రి ప్రమాణాల్లో ఈ చిక్కు కనిపించదు. ద్రవంతో వేగం అదుపు చేసే క్లోజర్లకు 3564, గాలితో అదుపు చేసే తేలికపాటి క్లోజర్లకు 6343, బరువైన తలుపుల కింద నేలలో బిగించే ఫ్లోర్ స్ప్రింగులకు 6315, రెండు వైపులా తిరిగే స్ప్రింగు బందులకు 453 సంఖ్యలతో భారత ప్రమాణాలు ఉన్నాయి. ఇవి తలుపు ఎలాంటిదో చెప్పవు, తలుపుకు ఏం బిగించారో చెబుతాయి. దుకాణంలో మనం అడిగేదీ ఇదే పద్ధతిలో ఉంటుంది: ‘క్లోజరు కావాలి’, ‘ఫ్లోర్ స్ప్రింగు కావాలి’. సామాను పేరు స్థిరపడింది, తలుపు గుణానికి పేరు స్థిరపడలేదు. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

తెలుగు క్రియల్లో ఉన్న పనిముట్లు

తలుపు విషయంలో తెలుగు క్రియలకు సూక్ష్మమైన తేడాలు తెలుసు. ‘తలుపు వెయ్యి’, ‘తలుపు పెట్టు’ అంటే మూయమని. ‘తలుపు దగ్గరగా వెయ్యి’ అంటే మూయాలి గానీ గడియ పెట్టొద్దని. ‘గొళ్లెం పెట్టు’, ‘గడియ వెయ్యి’ అంటే బిగించమని. దగ్గరగా వేయడం, గడియ పెట్టడం వేర్వేరు పనులన్న ఎరుక ప్రతి ఇంట్లోనూ ఉంది. అగ్నిరక్షణ పరిభాషలోనూ ఇవి రెండు వేర్వేరు గుణాలే. ఆస్ట్రేలియాలో ఇళ్ల ఈతకొలనుల చుట్టూ ఉండే కంచె గేటు తనంతట మూసుకుంటే చాలదు, తనంతట గడియ కూడా పడాలని నియమం. పసిపిల్లలు నెట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్లకుండా ఈ ఏర్పాటు.

‘వేయు’ అన్న సకర్మక క్రియకు తోడుగా ‘పడు’ అన్న అకర్మక క్రియ ఉంది. తాళం వేస్తాం, తాళం పడుతుంది. గడియ వేస్తాం, గడియ పడుతుంది. తలుపు వేస్తాం, తలుపు పడుతుంది. ‘తాళంచెవి లోపలే ఉంది, తలుపు పడిపోయింది’ అన్న వాక్యంలో చేసినవాడు ఎవరూ లేరు. ఎవరూ వేయకుండా మూసుకోవడమన్న భావానికి తెలుగులో ఎప్పటి నుంచో ఉన్న సహజమైన రూపం ఇదే కావచ్చు. అయితే దీనికి రెండు పరిమితులున్నాయి. గాలికి ధడాలున కొట్టుకున్న తలుపు కూడా ‘పడుతుంది’, క్లోజరు మెల్లగా తెచ్చిన తలుపు కూడా ‘పడుతుంది’. పైగా ‘పడే తలుపు’ అని విశేషణంగా మారిస్తే ఊడిపడే తలుపేమో అనిపిస్తుంది. కాబట్టి క్రియగా బాగా పనిచేసే ‘పడు’ విశేషణంగా అంత బాగా పనిచేయదు.

ఇక ‘మూయు’. బ్రౌన్ నిఘంటువు దీనికి మూయడం, కప్పడం అన్న అర్థాలిస్తుంది. దీనికి ‘కొను’ చేరితే ‘మూసుకొను’. కృష్ణమూర్తి, గ్విన్ వ్యాకరణం ‘కొను’ను ఆత్మార్థకంగా వివరిస్తుంది. అంటే పని ఫలితం చేసినవాడికే చెందుతుందని. ‘కళ్లు మూసుకున్నాడు’లో ఈ అర్థం స్పష్టం. కర్త మనిషి కాకుండా వస్తువైతే ఇదే రూపం మరో పని చేస్తుంది: ‘తలుపు మూసుకుంది’, ‘తలుపు తెరుచుకుంది’. బయటి కర్త లేకుండా మార్పు జరిగిందని ఇక్కడ ‘కొను’ సూచిస్తోంది.

దీనికి ‘పోవు’ చేరితే స్వరం మారిపోతుంది. ‘కాల్వ మూసుకుపోయింది’, ‘రక్తనాళం మూసుకుపోయింది’, ‘దారులన్నీ మూసుకుపోయాయి’. ఇవన్నీ కోరుకోని పరిణామాలు. 2023 జనవరిలో రాజమహేంద్రవరంలో ఒకాయన ఫొటో కోసం వందే భారత్ రైలెక్కారు. ఈలోగా తలుపులు మూసుకుపోయాయి. ఆయన విజయవాడ దాకా ప్రయాణించాల్సి వచ్చింది. ఈ సంగతి చెప్పేటప్పుడు మన నోట సహజంగా వచ్చేది ‘మూసుకుపోయాయి’ అన్న మాటే. ‘మూసుకున్నాయి’ అంటే రైలు తన పని తాను చేసిందన్న నిష్పాక్షికత వస్తుంది. ‘మూసుకుపోయాయి’ అంటే ఇరుక్కున్న మనిషి గోడు వినిపిస్తుంది. కాబట్టి భద్రత కోసం పెట్టిన తలుపును వర్ణించడానికి ‘మూసుకుపోయే’ తగదు, ‘మూసుకునే’ తగుతుంది.

‘మూతపడు’ అన్నది మూడో దారి. దాని అర్థం ఇప్పటికే వేరేవైపు స్థిరపడింది. బడి మూతపడుతుంది, మిల్లు మూతపడుతుంది, నిద్రకు కళ్లు మూతపడతాయి. ‘మిల్లు మూతపడింది’ అంటే తలుపు సంగతి కాదు, బతుకుతెరువు సంగతి అని మిర్యాలగూడలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందువల్ల ఈ రూపాన్నీ పక్కన పెట్టవచ్చు.

‘మూసుకునే’ ఒక్కటే ఎందుకు చాలదు

మిగిలింది ‘మూసుకునే తలుపు’. ఇందులో ఒక వ్యాకరణ చిక్కు ఉంది. తెలుగులో క్రియాజన్య విశేషణం తన పక్కనున్న నామం కర్తో కర్మో చెప్పదు. ‘చదివే పిల్లవాడు’ అంటే పిల్లవాడే చదువుతాడు. ‘చదివే పుస్తకం’ అంటే పుస్తకాన్ని ఎవరో చదువుతారు. రూపం ఒకటే, సంబంధం వేరు. అలాగే ‘రాత్రిపూట మూసుకునే తలుపు’ అంటే ఇంట్లోవాళ్లు రాత్రి మూసుకునే తలుపు కావచ్చు, రాత్రి దానంతటదే మూసుకునే తలుపూ కావచ్చు. సందర్భం చాలాసార్లు అర్థాన్ని తేల్చేస్తుంది. నియమాలు రాసేటప్పుడు మాత్రం సందర్భం మీద భారం వేయలేం.

అందుకే ‘దానంతటదే’, ‘తనంతట తానే’ లాంటి మాటలు ఇక్కడ అలంకారాలు కావు. నామమే కర్త అని తేల్చి చెప్పేవి అవే. రెండింటిలో ‘తాను’ ఎక్కువగా మనుషుల పట్ల వాడే సర్వనామం, వస్తువులకూ వాడతాం. ‘దానంతటదే’ నేరుగా వస్తువుకే చెందుతుంది, నోటికీ తేలిక. ‘దానంతటదే మూసుకునే తలుపు’ కాస్త పొడవైన పదబంధమే. అయినా చిన్నపిల్లవాడికి కూడా ఒక్కసారిలో అర్థమవుతుంది, రెండో అర్థానికి తావివ్వదు.

ఇంకో లాభం కాలానిది. ‘మూసుకున్న తలుపు’ అంటే ఇప్పుడు మూసి ఉన్నది, లేదా ఒకసారి మూసుకున్నది. ‘మూసి ఉంచాల్సిన తలుపు’ అంటే బాధ్యత మనిషిది. ‘మూసుకునే తలుపు’లో భవిష్యత్తు, అలవాటు రెండూ ఉన్నాయి: తెరిచినప్పుడల్లా మూసుకుంటుందని అది హామీ ఇస్తోంది. ఈ విశేషణం తలుపు ప్రస్తుత స్థితిని కాదు, ప్రతిసారీ నిలబెట్టుకోవాల్సిన మాటను చెబుతోంది. ‘క్లోజరు ఉంది గానీ తలుపు మూసుకోదు’ అన్న ఫిర్యాదు తెలుగులో ఏ వైరుధ్యమూ లేకుండా వినిపిస్తుంది. అంటే సామాను ఉండటం, గుణం ఉండటం రెండూ ఒకటి కాదని వాడుకకు ముందే తెలుసు. ‘క్లోజరు పెట్టిన తలుపు’ అన్న పేరు ఈ కారణం చేతనే పూర్తిగా సరిపోదు.

‘స్వయం’, ‘ఆటో’ల భారం

‘స్వయం’ సంస్కృతం నుంచి వచ్చి తెలుగులో బాగా పాతుకుపోయిన మాట: స్వయంవరం, స్వయంకృతం, స్వయంపాలన. సూర్యాపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామిని స్వయంభువుగా కొలుస్తారు. ఏ శిల్పీ చెక్కకుండా వెలిశాడని ఆ మాటకు అర్థం. ఈ పదాలన్నిటిలో ‘స్వయం’ బయటి కర్తను కాదంటుంది. ‘స్వయంచాలక’ కూడా ఈ వరుసలోదే, తనను తాను నడుపుకునేదని. మోటారు, సెన్సరు ఉన్న తలుపుకు ఇది బాగా నప్పుతుంది. స్ప్రింగు తలుపుకు అంతగా నప్పదు, ఎందుకంటే అది తనను తాను నడుపుకోదు. తెరిచినవాడి బలాన్నే దాచుకుని తిరిగి వాడుతుంది.

‘ఆటోమేటిక్’ సంగతి ఇంకా చిక్కైనది. తెలుగు మాటల్లో దానికి కనీసం రెండు బతుకులున్నాయి. ‘రేటు పెరిగితే అమ్మకాలు ఆటోమేటిక్‌గా తగ్గుతాయి’ అన్నప్పుడు యంత్రం ప్రసక్తే లేదు, సహజ పర్యవసానమని అర్థం. రెండోది యంత్ర సంబంధమైనది. ఈ ప్రాంతపు రైతులకు ఈ రెండో అర్థం బాగా పరిచయమైంది ‘ఆటో స్టార్టరు’ వల్ల కావచ్చు. వేళాపాళా లేకుండా కరెంటు వచ్చే రోజుల్లో, రాగానే బోరు మోటారు దానంతటదే నడవాలని వాటిని బిగించుకునేవారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భజలాలు అడుగంటుతాయన్న భయంతో ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం కోరింది. మిల్లు విషయంలో కూడా ‘ఆటోమేటిక్’ అంటే మనిషి చేయి తక్కువ, కరెంటు పని ఎక్కువ.

అదే రైతు బావిలోని ‘ఫుట్ వాల్వు’ను ఎవరూ ఆటోమేటిక్ అనరు. మోటారు ఆగగానే పైపులోని నీటి బరువుకే అది మూసుకుంటుంది, నీళ్లు వెనక్కి పోకుండా ఆపుతుంది. తలుపుల్లో మొదటి రకం చేసే పనిని ఇది నీటిలో చేస్తోంది. ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెడితే ఒక అనుమానం బలపడుతుంది: ఈ ప్రాంతపు వాడుకలో ‘ఆటో’ అనే మాటకు కరెంటు తీగ తగులుకుని ఉంది, బరువుతోనో స్ప్రింగుతోనో జరిగే పనికి ఆ మాట సులభంగా రాదు. రెండు ఉదాహరణలతో దీన్ని సూత్రంగా ప్రకటించలేం. పరీక్షించదగ్గ ప్రతిపాదనగా మాత్రం నిలబడుతుంది.

ఈ ప్రతిపాదన నిజమైతే దాని పర్యవసానం చిన్నది కాదు. మెట్లదారికి ‘ఆటోమేటిక్ తలుపు’ పెట్టాలని అధికారి చెబితే, ఖరీదైన అద్దం తలుపు, సెన్సరు, మోటారు అని యజమాని అనుకునే వీలుంది. నియమం నిజంగా కోరేది మంటను తట్టుకునే తలుపు రెక్క, దాన్ని కరెంటు లేకపోయినా మూసే ఏర్పాటు. అగ్నిప్రమాదంలో ముందుగా పోయేది చాలాసార్లు కరెంటే.

బలం ఎక్కడి నుంచి వస్తుంది

తనంతట మూసుకునే తలుపు ఆలోచన పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో రాసిన వాయుయంత్రాల గ్రంథంలో ఒక గుడి తలుపు వర్ణన ఉంది. బలిపీఠం మీద నిప్పు వెలిగిస్తే వేడెక్కిన గాలి నీటిని ఒక పాత్రలోకి నెడుతుంది, ఆ పాత్ర బరువుకు తలుపులు తెరుచుకుంటాయి. నిప్పు ఆరితే నీరు వెనక్కి పోయి, ఎదురు బరువు వల్ల తలుపులు మూసుకుంటాయి. చూసేవారికి దైవలీల, లోపల జరిగేది బరువుల లెక్క.

ఇప్పటి తలుపుల్లో బలం రెండు చోట్ల దాగుతుంది. ఏటవాలుగా కోసిన బందు మీద తలుపు తెరిచేకొద్దీ కొద్దిగా పైకి లేస్తుంది, వదిలితే సొంత బరువుకు దిగి మూసుకుంటుంది. స్ప్రింగు ఉన్న క్లోజరులో తెరిచే చేయి స్ప్రింగును నొక్కుతుంది, వదిలితే అది తిరిగి చాచుకుంటుంది. ఒట్టి స్ప్రింగైతే తలుపు ధడాలున కొట్టుకుంటుంది. అందుకే నూనె నింపిన గొట్టంలో ముషలకం పెట్టి, నూనె సన్నని దారిలోంచి మాత్రమే వెళ్లేలా చేస్తారు. చాలా క్లోజర్లకు వేగం సరిచేసే స్క్రూలు రెండు ఉంటాయి. ఒకటి తలుపు తిరిగే వేగానికి, రెండోది చివరి కొద్ది డిగ్రీలకు. గడియ పడాలంటే ఆ చివరి దశలో కాస్త విసురు కావాలి. స్క్రూ తప్పుగా తిప్పినా, నేల ఎత్తు పెరిగి తలుపు రాసుకున్నా, గదిలో గాలి ఒత్తిడి ఎదురు నెట్టినా తలుపు దగ్గరికి వస్తుంది గానీ గడియ పడదు. పైకి మూసినట్టే కనిపిస్తుంది, మంట నెట్టితే తెరుచుకుంటుంది.

మాట నిలబెట్టుకోని తలుపులు

ఈ గుణం లేకపోతే ఏమవుతుందో చెప్పే నమోదైన ఆధారాలు విదేశాల నుంచి ఎక్కువగా వచ్చాయి. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న కాలిపోయి 72 మంది చనిపోయారు. సర్ మార్టిన్ మూర్ బిక్ నేతృత్వంలోని విచారణ సంఘం 2019 అక్టోబర్‌లో తొలి దశ నివేదిక ఇచ్చింది. పలు ఫ్లాట్ల తలుపులకు సరిగా పనిచేసే మూసుకునే ఏర్పాటు లేక, జనం వెళ్లిపోయాక అవి తెరిచే ఉండి పొగ వ్యాప్తికి తోడ్పడ్డాయని అందులో ఉంది. మంట అంత త్వరగా ఎగబాకడానికి ప్రధాన కారణం బయటి తొడుగు పలకలు. తలుపుల పాత్ర పొగ లోపల ఎలా పరుచుకుందన్న దానికి సంబంధించినది. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ట్విన్ పార్క్స్ భవనంలో 2022 జనవరి 9న 17 మంది చనిపోయారు. మంట చాలావరకు ఒక ఫ్లాటుకు, దాని ముందరి నడవాకు పరిమితమైంది. ఆ ఫ్లాటు తలుపు, పై అంతస్తులోని మెట్లదారి తలుపు మూసుకోకపోవడంతో పొగ భవనమంతా కమ్మింది. ఆ నగరంలో అప్పటికే అపార్ట్‌మెంట్ తలుపులు వాటంతటవే మూసుకోవాలన్న నిబంధన ఉంది, దాని గడువు 2021 జులై 31తో ముగిసింది కూడా. నియమం ఉండటం, తలుపుకు సాధనం ఉండటం, తలుపు నిజంగా మూసుకోవడం మూడూ వేర్వేరు మెట్లని ఈ ఘటన చూపిస్తోంది. గ్రెన్‌ఫెల్ తర్వాత ఇంగ్లండ్‌లో 2023 జనవరి 23 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఈ మూడో మెట్టునే పట్టుకున్నాయి. 11 మీటర్లకు మించిన నివాస భవనాల్లో ఉమ్మడి దారుల తలుపులు సరిగా మూసుకుంటున్నాయో లేదో 3 నెలలకోసారి, ఫ్లాట్ల ముఖద్వారాలను ఏడాదికోసారి చూడాలి.

మన దగ్గర 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ ప్రమాదంలో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. 2022 సెప్టెంబర్ 12న అదే నగరంలో ఒక లాడ్జి కింది ఎలక్ట్రిక్ వాహనాల షోరూంలో రేగిన మంట 8 మందిని బలి తీసుకుంది. అక్కడ కూడా పొగ పై అంతస్తులకు ఎగబాకింది. ఈ దుర్ఘటనలను తలుపుల ఖాతాలో వేయడం తొందరపాటే అవుతుంది. వీటి నుంచి నిశ్చయంగా తీసుకోగలిగింది ఒక్కటే: చంపింది ప్రధానంగా పొగ, పొగ దారి పట్టింది లోపలి ఖాళీల గుండా. తలుపు అడ్డుకోవాల్సిన దారులు కూడా అవే.

మూడు పట్టణాలకు దీని అర్థం

ఇవన్నీ పెద్ద నగరాల ఆకాశహర్మ్యాల గోల అనుకోవడానికి వీల్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చి, తెలంగాణలోనూ కొనసాగుతున్న అగ్నిమాపక సేవల చట్టం 18 మీటర్లు దాటిన నివాస భవనాలను, 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలను, ఎత్తు 6 మీటర్లు గానీ స్థలం 500 చదరపు మీటర్లు గానీ మించిన జన సమ్మేళన స్థలాలను తన పరిధిలోకి తెచ్చుకుంటుంది. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు ఈ చివరి వర్గంలోకి వస్తాయి. ఫంక్షన్ హాలు లేని పట్టణం ఈ మూడింటిలో లేదు. జాతీయ స్మృతి తనకు తానుగా సలహా పత్రమే, రాష్ట్ర నియమాలు స్వీకరించిన మేరకు దానికి బలం వస్తుంది. ఆ నియమాలు అమలయ్యేది ఇక్కడే, కాబట్టి యజమానికి, మేస్త్రీకి, తనిఖీకి వచ్చే అధికారికి మధ్య ఒప్పందం కుదరాల్సింది తెలుగులోనే. ఆ మాటల్లో మొదటి రకం తలుపుకు, మూడో రకం తలుపుకు ఒకే పేరు ఉంటే ముగ్గురూ నియమం పాటించామనే అనుకుంటూ వేర్వేరు పనులు చేయగలరు.

పై ఆధారాల మీద జాగ్రత్తతో కూడిన ఒక ప్రతిపాదన చేయవచ్చు. చేయి వదలగానే ప్రతిసారీ మూసుకునే తలుపుకు ‘దానంతటదే మూసుకునే తలుపు’ అనడం. తెరిచి ఉండి సంకేతంతో మూసుకునేదానికి ‘పొగ వస్తే మూసుకునే తలుపు’ అనడం. కరెంటు తలుపును ‘ఆటోమేటిక్ తలుపు’ అని జనం అంటున్న మాటకే వదిలేయడం, రాతలో ‘స్వయంచాలక’ను దానికే పరిమితం చేయడం. గడియ కూడా అవసరమైన చోట ‘దానంతటదే మూసుకుని గడియ పడే’ అని పూర్తిగా చెప్పడం. వీటిలో ఒక్కటీ కొత్తగా పుట్టించిన మాట కాదు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పొడుగు పదబంధం పరిభాషగా నిలవదని, పట్టికలో ఇమడదని అనవచ్చు. నిజమే, దుకాణం రసీదు మీద ‘క్లోజరు’ అన్న మాటే ఉంటుంది, ఉండాలి కూడా. అయితే పరిభాష పొట్టిగా ఉండటం కన్నా తప్పుడు అర్థం ఇవ్వకపోవడం ముఖ్యమైన సందర్భాలు కొన్ని ఉంటాయి, ప్రాణరక్షణ నియమం అలాంటిది. రెండో అభ్యంతరం, వాడుక ఎవరి మాటా వినదని. అదీ నిజమే. ‘ఆటోమేటిక్’ను ఎవరూ ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. నోటీసు, నిబంధన, తనిఖీ పత్రం అన్న మూడు చోట్ల మాత్రం తేడా నిలిస్తే చాలు.

ముగింపు

పరిశీలన తేల్చిన అంశాలు మూడు. ఒకటి, తెలుగులో ఈ తలుపుకు స్థిరపడిన ఒకే విశేషణం లేదు, కానీ స్పష్టంగా చెప్పగల క్రియలు పుష్కలంగా ఉన్నాయి. రెండు, ‘ఆటోమేటిక్’, ‘స్వయంచాలక’ అన్నవి మూడు భిన్న గుణాలను కప్పేస్తున్నాయి, వాటిలో అగ్నిభద్రతకు అత్యవసరమైనదే ఎక్కువగా మరుగున పడుతోంది. మూడు, ‘మూసుకునే’ అన్నది బిగించిన సామాను గురించి చెప్పే మాట కాదు, ప్రతిసారీ రుజువు కావాల్సిన ప్రవర్తన గురించి చెప్పే మాట. ఆ రుజువుకు ఖర్చు లేదు. తలుపును పూర్తిగా తెరిచి వదలాలి, తర్వాత సగం, ఆ తర్వాత నాలుగు వేళ్ల సందు మాత్రం తెరిచి వదలాలి. మూడుసార్లూ ఎవరి చేయీ తగలకుండా మూసుకుని గడియ పడితేనే ఆ విశేషణం ఆ తలుపుకు చెల్లుతుంది. ఇటుక అడ్డం పెట్టిన తలుపుకు, తాడుతో కట్టేసిన తలుపుకు ఎంత ఖరీదైన క్లోజరు ఉన్నా చెల్లదు.